పొగబండ బసమ్మ ఊరివైపే ఎందుకు చూస్తుంది?

పొగబండ ఎక్కి వచ్చిన భక్తులు మొదట తికమకపడతారు. గుడి ద్వారం తూర్పున ఉంటే, లోపల అమ్మవారు మనకు వీపు చూపించి, పడమటి గోడలోని కిటికీలోంచి ఊరిని చూస్తూ ఉంటుంది. అమ్మ అలిగిందా అని పూజారిని అడిగినవారు ఎందరో ఉన్నారు. అలగలేదు, ఆమె పనిలో ఉంది. ఆ పనేమిటో తెలియకుండా కొబ్బరికాయ కొట్టి దిగిపోతే నూట పన్నెండు మెట్లు ఎక్కిన శ్రమ దండగ. గర్భగుడిలో చెక్కిన శిల్పమంటూ లేదు. కిటికీవైపు కళ్లు దిద్దిన మోకాలెత్తు నల్లరాయి, దాని ముందు ఒక కుండపెంకు మాత్రం ఉంటాయి. ఆ పెంకులో నిప్పు ఆరనివ్వరు.

పూర్వం ఇక్కడ గుడీ లేదు, మెట్లూ లేవు. కింద వంక ఒడ్డున కోనాపురం, పైన ఈ బండ, అంతే. ఒక ఎండాకాలం చివర ఊళ్లోకి గత్తర వచ్చింది. పొద్దున నీళ్లు తోడిన మనిషి వాంతులూ భేదులతో సాయంత్రానికి లేకుండా పోయాడు. పదకొండు రోజుల్లో పంతొమ్మిది మందిని మోశారు. ఊరిపెద్ద నరసప్ప అందరినీ కూడగట్టి, ఊరు విడిచి వంక అవతల చేలల్లో గుడిసెలు వేసుకుందామన్నాడు. వంక దాటినవాళ్లు మళ్లీ ఊళ్లో కాలు పెడితే నెల తిరిగేదాకా అవతలికి రాకూడదన్నది కట్టుబాటు. ప్రాణభయం కదా, అందరూ ఒప్పుకున్నారు.

తమంతట వంక దాటలేనివాళ్లు మాత్రం ఏడుగురు మిగిలారు. మోసే చేతులు లేక కాదు, ముట్టుకుంటే అంటుకుంటుందన్న భయం. ఏడు ఇళ్లలో జొన్నలు, నీళ్ల కుండలు, కాసిన్ని పిడకలు పెట్టి, నాలుగు రోజుల్లో వస్తామని చెప్పి వెళ్లిపోయారు.

ఆ ఏడుగురిలో బసమ్మ ఒకతె. కళ్లు లేని ముసలామె, నూలు వడికి బతికేది. మేకలు కాచే తిప్పక్కను తల్లి లేని పసితనంలో ఒళ్లో పెట్టుకుని పెంచింది ఈమే. ఊరు కదిలే రోజున తిప్పక్క మేకల్ని వంక దాటించే తొందరలో గడప దగ్గర నిలబడి, "రేపొచ్చి ఎత్తుకపోతాలే అవ్వా" అంది. బసమ్మ తల ఊపింది. మర్నాడు నరసప్ప మనుషులు వంక దగ్గర కర్రలతో కాపలా కాశారు. తిప్పక్క ఇచ్చిన మాట గడప దగ్గరే మిగిలిపోయింది.

మేకల మేతకు మాత్రం ఈ బండ పైకి రావచ్చు. మొదటి రోజు ఎక్కి చూస్తే ఊళ్లో ఏడు పొగలు లేచాయి. మూడో వరుసలో సన్నగా లేచేది బసమ్మది. తిప్పక్క గుండె కుదుటపడింది. రెండో రోజు ఏడు, మూడో రోజు ఏడు. నాలుగో రోజు ఆరే లేచాయి. పిల్లకాలువ అవతల ఒంటరిగా ఉండే వడ్రంగి సిద్ధప్ప ఇంట్లో పొగ లేదు. అతనికి నడుము కింద చచ్చుబడి ఆరేళ్లయింది.

ఆమె పరుగున వెళ్లి చెబితే నరసప్ప తల గోక్కున్నాడు. "ఆరు లేస్తాండాయి గదా. వాళ్లకేం గాలేదు. సిద్ధప్పంటావా, ఆయప్ప ఆయువు తీరిందేమో!"

నిజం దాచకుండా చెప్పాలి. తిప్పక్క కూడా సర్దుకుంది. బసమ్మ పొగ లేస్తోంది కదా అని ఆ పూట అన్నం తిని పడుకుంది. ఆ ముద్ద గుర్తొచ్చినప్పుడల్లా బతికినంతకాలం ఏడ్చిందట.

ఐదో రోజు కూడా ఆరు పొగలు. ఆరో రోజు బండెక్కి చూస్తే ఒక్కటీ లేదు. ఆకాశం శుభ్రంగా ఉంది. అందరూ పోయారనుకుంది తిప్పక్క. మేకల్ని వదిలేసి ఊరివైపు బండ దిగింది. కాపలావాళ్లు చూసి వంక అవతలి నుంచి కేకలేశారు. "పోతే మళ్లా రాలేవు, తిప్పక్కా!"

"రాను పో!" అని ఆమె వెనక్కి తిరగకుండా అరిచింది.

మొదటి ఇంట్లో ముసలాయన బతికే ఉన్నాడు. రెండో ఇంట్లోనూ మనిషి కూర్చునే ఉంది, పొయ్యి మాత్రం చల్లగా ఉంది. "ఈ పొద్దు బసమ్మ నిప్పు తేలేదు గదమ్మా" అంది ఆమె. తిప్పక్కకు అప్పుడు అర్థమైంది. రోజూ తెల్లారగానే బసమ్మ రాజుకున్న పిడకను కుండపెంకులో పెట్టుకుని, గోడలు తడుముకుంటూ ఐదిళ్లకు నిప్పు పంచింది. బండ మీది నుంచి ఆరు ప్రాణాలనుకుని ఎంచినదంతా ఒక్క గుడ్డిదాని చేతి నిప్పు. పిల్లకాలువ దాటడం ఆమెకు చేతకాలేదు.

బసమ్మ గడపలోనే పడి ఉంది. చేతిలో పెంకు, చుట్టూ బూడిద. రోగం పట్టేసింది. నోట్లో నీళ్లు పోస్తే ఆ చేతిని తడిమి, "వచ్చినావా బిడ్డా" అంది. ఎందుకు ఆలస్యమైందని అడగలేదు. "సిద్ధప్పకు నిప్పందలా. పో, ముందు ఆడికి పో" అంది.

తిప్పక్క ఆమెను వదల్లేకే వదిలి కాలువ దాటింది. మూడు రోజులకే పొయ్యిలో నిప్పు ఆరిపోయి, సిద్ధప్ప నానబెట్టిన పచ్చి జొన్నలు నములుతూ ప్రాణం నిలుపుకున్నాడు. కుండలో నీళ్లు అడుగంటాయి. ఆమె పొయ్యి ముట్టించి, నీళ్లు కాచి తాగించి, పరుగున తిరిగి వచ్చేసరికి బసమ్మ లేదు.

తిప్పక్క ఆ పెంకు పట్టుకుని బండెక్కింది. పచ్చి వేపమండలు వేసి, చేలల్లోవాళ్లందరికీ కనిపించేంత పొగ పెట్టింది. జనం వంక ఒడ్డున గుమిగూడితే గొంతు చించుకుని చెప్పింది. "పొగల్ని ఎంచుకుంటా కూర్చున్నాం గదరా! నిప్పెవరిచ్చిరో అడిగినామా? ఆ పని గుడ్డామె చేసె!"

నరసప్ప తల దించుకున్నాడు. ఆ రోజే వంతులు వేశారు. రోజుకో ఇంటివారు కాచిన నీళ్లు, గంజి ఈ బండ మీద పెడితే తిప్పక్క దించుకుపోయేది. ఆరుగురూ బతికారు.

గత్తర తగ్గాక ఒక తెల్లవారుజామున బసమ్మ నరసప్పకు కలలో కనిపించింది. "బండ మీద నన్ను ఊరికెదురుగా నిలబెట్టండి. బతికినన్నాళ్లు కండ్లు లేవు. ఇప్పుడన్నా పొగ లేయని ఇల్లు చూడనీండి" అంది.

నేడు అందరివీ గ్యాస్ పొయ్యిలే. అయినా ఒంటరి వృద్ధులు, నడవలేనివారు, చూపులేనివారు ఉన్న ప్రతి ఇంటి గడపలో తెల్లారగానే పిడక మీద సాంబ్రాణి వేస్తారు. వేయలేనివారికి పక్కింటివారు వేస్తారు, అదీ లోపలికి వెళ్లి పలకరించాకే. వంతువారు బండ మీద ఎంచుతారు. ఒక్క పొగ తక్కువైతే మనిషి పరుగెత్తాలి, అతను తిరిగి వచ్చేదాకా హారతి ఆగాలి. కరోనా కాలంలో గుడి తలుపులు మూసినా ఈ ఎంచడం ఒక్కరోజూ మానలేదు. మాస్కు కట్టుకుని, మందులూ బియ్యం మోసుకుని ముప్పై ఎనిమిది గడపలకు తిరిగారు.

అమ్మను దర్శించినవారికి ఆయురారోగ్యాలు కలుగుతాయని పెద్దల మాట. అయితే మొక్కుకునే ముందు, మీ వీధిలో ఈ పొద్దు తలుపు తీయనివారు ఎవరో తలుచుకోండి. కోనాపురంలో నేటికీ ముసలివారి గడప దగ్గర నిలబడి ఎవరూ "రేపొస్తా" అనరు. చెప్పులు విప్పి లోపలికి వెళతారు.