పోలమ్మ వెయ్యని వేలిముద్ర

అనగనగా ఒక ఊరు కాదమ్మలూ, మూడు ఊళ్ళు. మూడూ సముద్రపొడ్డునే. వాటిని ఏలే చక్రవర్తి మాత్రం సముద్రానికి అవతల ఉండేవాడు. ఈ ఊళ్ళ మొహం కూడా ఎప్పుడూ చూడలేదు.

చూడకుండానే ఆజ్ఞలు పంపేవాడు. మొదట, అడవిలో మంచి చెట్లన్నీ తన ఓడలకే అన్నాడు. ఆ తర్వాత ఊరి పంచాయితీలు మూసెయ్యమన్నాడు. ఇక తీర్పులన్నీ తన మనుషులే చెబుతారట. ఆ తర్వాత తన సిపాయిలకి ప్రతి ఇంట్లోనూ చోటివ్వాలన్నాడు.

మొగలిదిబ్బ అనే ఊళ్ళో పోలమ్మ అని ఒక మంత్రసాని ఉండేది. ఆవిడ ఇంట్లో నలుగురు సిపాయిలు దిగారు. అప్పుడు కోడలు నిండు నెలలతో ఉంది. అయినా సరే గది ఖాళీ చెయ్యమన్నారు. జోరు వానలో, పశువుల పాకలో కాన్పయింది. ఊరి బిడ్డలందరినీ ఒడిసిపట్టిన చేతుల్లోనే సొంత మనవరాలు చల్లబడిపోయింది. న్యాయం చెప్పమని పోలమ్మ అధికారి దగ్గరకెళ్ళింది. సిపాయిలది తప్పే కాదని తేల్చేశాడు వాడు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పుడు మూడు ఊళ్ళూ ఒకటయ్యాయి. నీ ఏలుబడి మాకొద్దని చక్రవర్తికి కబురు పంపాయి. వాడేమో ఓడల నిండా సైన్యాన్ని పంపాడు. మూడేళ్ళు యుద్ధం. పోలమ్మా, ఆవిడతోటి ఆడవాళ్ళూ మందుగుండు మోశారు, గాయాలు కట్టారు, పీనుగుల్ని పూడ్చారు. చివరికి ఆ సైన్యం వచ్చిన ఓడలే ఎక్కి పోయింది.

ఆ తర్వాత అందరూ కలిసి, యుద్ధం నడిపిన గవరయ్యని రాజుగా కూర్చోబెట్టబోయారు. పోలమ్మ అడ్డం నిలబడింది.

"రాజుని మార్చుకోడానికా మా పిల్లలు చచ్చింది? ఎవడు కూర్చున్నా వాడి చేతులు కట్టేసే మాట ముందు రాయండి."

గవరయ్య మంచివాడే. సరేనన్నాడు. మూడు ఊళ్ళ పెద్దలూ వేసవంతా పోట్లాడుకుని రాశారు. నాయకుడు నాలుగేళ్ళే ఉండాలి. చట్టం చేసేవాళ్ళు, నడిపేవాళ్ళు, తీర్పు చెప్పేవాళ్ళు వేరువేరుగా ఉండాలి. మూడు ఊళ్ళూ ఒప్పుకుంటే రాసినదాన్ని మార్చుకోవచ్చు.

అప్పుడు దాన్ని అందరికీ చదివి వినిపించారు. నాయకుణ్ణి ఎన్నుకునేది మగవాళ్ళు మాత్రమే అని ఉంది.

మరి మేమో అని అడిగింది పోలమ్మ. ఇప్పటికి ఇది కానివ్వమని, ఆ సంగతి తర్వాత చూద్దామని గవరయ్య నచ్చజెప్పాడు. ఆవిడ మీద గౌరవంతో, సాక్షిగా వేలిముద్ర వెయ్యమని సిరా ముందుకి జరిపాడు.

"పీనుగుల్ని మోసేటప్పుడు తర్వాత చూద్దామన్లేదు మేము" అంది పోలమ్మ. వేలిముద్ర వెయ్యలేదు.

కోపం పట్టలేక ఆవిడ కోడలు ఆ కాగితాన్ని చింపబోయింది. పోలమ్మే ఆపింది. మార్చుకోవచ్చని అందులోనే రాసుంది కదా, మారేదాకా అడుగుదాం అంది.

సభ జరిగినప్పుడల్లా వాకిట్లో కూర్చుని అదే అడిగింది. ఆవిడ పోయాక కోడలు కూర్చుంది. ఆ తర్వాత కోడలికి పుట్టిన రెండో కూతురు. అప్పటికి గానీ ఆ వాక్యం మారలేదు.

ఒక్క వాక్యం, అమ్మలూ. అరవై ఏళ్ళు.

కథేమో కంచికి,
నువ్వేమో మంచానికి,
నా కోపమేమో రేపటికి.