కొత్త పుస్తకం, పాత చేతులు

జహీర్‌కు మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు.

అతను హజ్రత్ మస్తూర్ షా శిష్యుడు. కొండవాలులో ఉన్న ఖాన్కా అనే సూఫీ ఆశ్రమంలో ఉండేవారు ఆ గురువు. ఖాన్కాను ఆనుకుని, ఆయన గురువుగారి కాలం నుంచీ నడుస్తున్న యునానీ మందుల కార్ఖానా ఉంది. దగ్గుకు కషాయాలు, కడుపునొప్పికి చూర్ణాలు, కీళ్లకు తైలాలు. చుట్టుపక్కల ధర్మాసుపత్రులన్నిటికీ అక్కడి నుంచే మందులు వెళ్లేవి. పదేళ్లుగా ఆ కార్ఖానా మంచిచెడ్డలు చూస్తున్నది జహీరే.

నాణ్యతా ప్రమాణాల సర్టిఫికెట్ ఉంటేనే ఆసుపత్రులు మందు తీసుకుంటాయి. ఆ ఏడు సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు ప్రమాణాల పుస్తకాన్ని మార్చి కొత్తది పంపారు. నలభై రోజుల్లో ఆడిటర్ వచ్చి చూస్తారని కూడా రాశారు.

కార్ఖానాలో పనిచేసేవాళ్లు ముప్పై ఎనిమిది మంది. వీళ్లలో ఎవరికి మళ్లీ శిక్షణ ఇవ్వాలి? ఒక్కరిని వదిలేసినా, ఆడిటర్ సరిగ్గా ఆ ఒక్కరి దగ్గరే ఆగితే? పోనీ అందరినీ కూర్చోబెడితే పన్నెండు రోజులు పొయ్యిలు ఆరిపోతాయి. బయట చూస్తే ముసురు. ఊళ్లలో దగ్గులు మొదలయ్యాయి.

చివరికి భయమే గెలిచింది. అందరికీ పన్నెండు రోజుల పాఠాలు, ఆఖరున రాతపరీక్ష అని కాగితం మీద రాసి గేటు పక్కన అతికించాడు. అతను అప్పటికే పట్నం వెళ్లి రెండు రోజుల తరగతిలో కూర్చుని వచ్చాడు. కొత్త పుస్తకంలో ఏ అంశం ఏ నంబరులో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలడు. ఆ సంగతి తలుచుకున్నప్పుడు మాత్రం భయం కాస్త తగ్గి, ఛాతీ కాస్త పొంగేది.

ఆ మధ్యాహ్నం నమాజు అయ్యాక, ముప్పై ఎనిమిది పేర్ల జాబితా సంతకం కోసం గురువుగారి ముందు పెట్టాడు.

హజ్రత్ ఇంకా కలం అందుకోలేదు. గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. చూర్ణాలు జల్లించే కుళ్ళాయమ్మ. ముప్పై ఏళ్లుగా అదే పని. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఏమమ్మా?" అన్నారు హజ్రత్.

"రేపట్నుంచి నేను పనిలేకి రాను సామీ. చెప్పి పోదామని వచ్చినా."

"ఒంట్లో బాగాలేదా?"

"ఒంటికేమి, బాగానే ఉండాది. నాకు సదువు రాదు గదా. పరీచ్చలో తప్పితే తీసేస్తారంట. నలుగురిలో తప్పినానని అనిపించుకునే దానికంటే నేనే మానుకునేది మేలు."

జహీర్ తల దించుకున్నాడు. "నిన్ను ఎవరూ తీసేయరు కుళ్ళాయమ్మా. అందరికీ నేర్పమని పుస్తకం..." అని, మాట పూర్తి చేయలేకపోయాడు. పుస్తకం అలా అనలేదు. అతనే అన్నాడు.

హజ్రత్ జాబితా పక్కన పెట్టి లేచారు.

"పదమ్మా, ఒక్కసారి జల్లెడ పట్టు. బేటా, పాత పుస్తకం, కొత్త పుస్తకం రెండూ తీసుకురా."

కార్ఖానాలో జల్లెడల గది పక్కన ఒక పీట వేయించుకుని కూర్చున్నారు హజ్రత్. జహీర్‌ను ఇంకో పీట మీద కూర్చోమన్నారు. కుళ్ళాయమ్మ చేతులు కడుక్కుని, తలకు గుడ్డ కట్టుకుని, జల్లెడను ముందు కిటికీ వెలుగుకు ఎత్తి పట్టింది.

"ఎందుకలా?" అడిగారు హజ్రత్.

"యాడన్నా చినిగుంటే తెలియాల గదా సామీ. చినిగిన కాడ ఎలుగు లావుగా పడుతుంది."

తర్వాత చూర్ణం పోసింది. జల్లించింది. చిటికెడు తీసి రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. సంచికి చీటీ కట్టి, చీటీ మీద తన గుర్తు పెట్టింది. రెండు గీతలు, ఒక చుక్క.

"పాత పుస్తకంలో జల్లెడ సంగతి చదువు" అన్నారు హజ్రత్.

జహీర్ చదివాడు.

"ఇప్పుడు కొత్తది."

చదివాడు. మధ్యలో గొంతు నెమ్మదించింది.

"ఏం మారింది?"

"నంబరు మారింది హజ్రత్. ఏడులో ఉన్నది ఎనిమిదిలోకి వచ్చింది."

"ఆమె చెయ్యి ఎక్కడైనా మారాలా?"

జహీర్ కుళ్ళాయమ్మ చేతుల వంక చూశాడు. పొడి అంటి తెల్లగా ఉన్నాయి.

"అక్కర్లేదు హజ్రత్."

"ఆ మాట నాకు కాదు, ఆమెకు చెప్పు."

జహీర్ చెప్పాడు. కుళ్ళాయమ్మ వెంటనే నమ్మలేదు. "పరీచ్చ?" అంది. "లేదు" అన్నాడు. అప్పుడు ఆమె కూర్చున్నచోటే గోడకు ఆనుకుని, "అబ్బా! ఇప్పుడు ఆకలయితాంది సామీ" అంది. పక్కగదిలో వింటున్నవాళ్లు నవ్వారు.

హజ్రత్ లేచి, తన పీటను కాలితో మెల్లగా జహీర్ వైపు జరిపి వెళ్లిపోయారు.

ఆ తర్వాత మూడు రోజులు జహీర్ ఆ పీట మోసుకుంటూ తిరిగాడు. మొదట గేటు దగ్గరి కాగితం చించేశాడు. ఒక్కొక్కరి పక్కన కూర్చున్నాడు. వాళ్లు పని చేస్తుంటే చూశాడు, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చదివాడు, చూసింది నోటుబుక్కులో రాసుకున్నాడు. పొయ్యిల దగ్గర ఏమీ మారలేదు. తైలాల దగ్గరా అంతే. సీసాలు కడిగేవాళ్లయితే కొత్త పుస్తకం అడిగినదానికన్నా ఒకసారి ఎక్కువే కడుగుతున్నారు.

లేబుళ్ల దగ్గర షమీమ్ పని మారింది. ఇదివరకు తప్పు లేబుల్ కనిపిస్తే తీసి కొత్తది అంటిస్తే చాలు. ఇప్పుడు ఆ తప్పు ఎందుకు వచ్చిందో కనుక్కుని రాయాలి. మూలికలు దింపుకునే ఓబులేసు పనీ మారింది. సరుకు వచ్చాక చూడటం కాదు, ఏ మూలికలో కల్తీకి వీలుందో ముందే ఆలోచించి పెట్టుకోవాలి. వాళ్లిద్దరి పేర్లూ రాసుకున్నాడు.

మూడో రోజు కాటా దగ్గర పీరయ్య పక్కన కూర్చున్నాడు. అక్కడ కొత్త పుస్తకం ఒక్క ముక్క కూడా మార్చలేదు. అయినా జహీర్ ఆగిపోయాడు.

"పీరయ్యా, పొద్దున్నే కాటాలో తూకపు రాయి పెట్టి సరిచూడలేదే?"

"ఈ రోజు గురువారం గదా సార్."

"అయితే?"

"సోమారం సోమారం చూడమని మీరే జెప్పినారు గదా. నేను చేరిన కొత్తలో."

పాత పుస్తకం తెరిచాడు జహీర్. రోజూ పొద్దున అని ఉంది. ఏడేళ్ల కిందట పీరయ్యకు నేర్పినది తనే. ఇద్దరూ కలిసి రాయి తెచ్చి కాటా మీద పెట్టారు. ముల్లు కాసేపు ఊగి, సరిగ్గా నిలవాల్సిన చోట నిలిచింది. పెట్టెలో ఉన్న మిగతా రాళ్లు కూడా ఒక్కొక్కటే పెట్టి చూశారు. ఏడేళ్లుగా సోమవారాల్లో రాసిపెట్టిన తూకం చీటీలు తిరగేశారు. ఎక్కడా తేడా లేదు.

"బతికిపోయినాం సార్" అన్నాడు పీరయ్య.

జహీర్ అతని భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

తర్వాత ఒక్కడే కూర్చుని కొత్త పుస్తకం మొదటి నుంచీ చదివాడు, ఈసారి నంబర్ల కోసం కాకుండా. ఎక్కువ పేజీలు జల్లెడల గురించీ పొయ్యిల గురించీ కావు. ఏదైనా మార్చేముందు దాని ఫలితం ఎవరి మీద ఎలా పడుతుందో నడిపేవాడు ఆలోచించాలని, పనివాళ్ల మాట వినాలని ఉంది. అవన్నీ అతనికి కంఠతా వచ్చు. గేటు పక్కన కాగితం అతికించేటప్పుడు మాత్రం ఒక్కటీ చేయలేదు.

జాబితాలో షమీమ్, ఓబులేసు, పీరయ్య పేర్ల కింద నాలుగో పేరు రాసుకున్నాడు. తనది.

హజ్రత్ ఆ జాబితా చూసి సంతకం పెట్టారు. నలుగురి శిక్షణకూ కలిపి రెండు రోజులు పట్టింది. పొయ్యిలు ఒక్క పూట కూడా ఆరలేదు.

అనుకున్న రోజుకు ఆడిటర్ వచ్చింది. వైదేహి అని, మాట తక్కువ మనిషి. పొద్దుటి నుంచి కార్ఖానా అంతా తిరిగింది. మధ్యాహ్నం జాబితా చేతికి తీసుకుంది.

"ముప్పై ఎనిమిది మందిలో నలుగురేనా?"

జహీర్ నోటుబుక్కు ఇచ్చాడు. ఆమె మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివింది. పీరయ్య సంగతి రాసిన పేజీ రెండోసారి చదివింది. నాలుగో పేరు చూసి తలెత్తి జహీర్ వైపు చూసింది. బుక్కు మూసి, "ఇక్కడ టీ దొరుకుతుందా?" అంది.

సర్టిఫికెట్ కొనసాగుతుందని ఆ సాయంత్రమే చెప్పి వెళ్లింది. కార్ఖానాలో కేకలు, నవ్వులు. కుళ్ళాయమ్మ ఎవరెవరి నోట్లోనో బెల్లంముక్కలు కుక్కుతోంది. జహీర్ బెల్లం నోట ఉండగానే ఖాన్కాకు పరుగెత్తాడు. చెప్పులు విడిచాడో లేదో కూడా చూసుకోలేదు.

"అయిపోయింది హజ్రత్! ఒక్క తప్పూ పట్టలేదు."

"అల్‌హమ్దులిల్లా" అన్నారు హజ్రత్. "ఏమడిగింది?"

"వెళ్లేటప్పుడు ఒక్కటే అడిగింది. ఎవరికి నేర్పాలో, ఎవరికి అక్కర్లేదో ఎలా తెలుసుకున్నారు అని."

"ఏం చెప్పావు?"

"పక్కన కూర్చున్నానని చెప్పాను."

హజ్రత్ తన చాప మీద కొద్దిగా జరిగి, పక్కన జహీర్‌కు చోటిచ్చారు.