మెరకలంక తెడ్డు సరస్వతమ్మ

గోదావరి రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసే చోట, చుట్టూ నీళ్ల నడుమ మెరకలంక ఉంది. రేవులో పడవ దిగి కొబ్బరితోటల మధ్య కాలిబాటన నడిస్తే, ఊరికి ఉత్తరాన ఎత్తయిన దిబ్బ, దాని మీద చిన్న గుడి, గుడికి ఆనుకొని బడి కనిపిస్తాయి. ఇక్కడి సరస్వతీదేవి వీణ పట్టి కూర్చున్న తల్లి కాదు. నిలబడి ఉంటుంది. ఎడమచేత పుస్తకం, కుడిచేత తెడ్డు. మొదటిసారి వచ్చినవారు ఇదేమిటని అర్చకులను అడగడం మామూలే. వారు చెప్పే కథ ఇది.

పూర్వం ఈ లంకలో యజ్ఞేశ్వర పంతులు అనే గురువు బడి నడిపేవారు. ఆయన దగ్గర చదివిన పిల్లలు పద్యం ఎత్తుకుంటే దారినపోయేవారు ఆగి వినేవారు. ఆ సంగతి పంతులుగారికీ తెలుసు, అందుకు లోలోపల గర్వపడేవారు కూడా.

ఒక వేసవి మధ్యాహ్నం, బడి అరుగు మీద కునుకు తీస్తున్న ఆయనకు కల వచ్చింది. తడిచీరతో ఒకావిడ ఎదుట నిలిచి, పద్యం చదవమని అడిగింది. ఆయన చదివారు. ఆమె చివరిదాకా శ్రద్ధగా విన్నది.

"బాగుంది నాయనా. ఇప్పుడు లేచి నన్ను ఆ ఒడ్డుకు దాటించు" అంది.

"నాకు పడవ నడపడం రాదమ్మా."

"పోనీ, నీ దగ్గర చదివిన పిల్లల్లో ఎవరినైనా పిలువు."

వాళ్లకూ ఆయన నేర్పినవి పద్యాలే. "మరి వాళ్లను ఎక్కడిదాకా చేర్చినట్టు?" అని ఆవిడ మెల్లగా అడిగింది. ఆ గొంతులో కోపం లేదు. పంతులుగారికి మెలకువ వచ్చేసరికి అరుగు మీద ఎండ పడుతోంది.

ఆ సాయంత్రమే ఆయన పంచె బిగించి రేవులోకి దిగారు. అంత వయసులో ఈత నేర్చుకోవడానికి చాలా నీళ్లు మింగారు. తనకు వచ్చినది వచ్చినట్టు పిల్లలకూ నేర్పసాగారు. పొద్దున పద్యాలు, లెక్కలు. మధ్యాహ్నం ఈత, పడవ, తాడు ముడులు, గంజి కాచడం. అంతటితో ఆగక, వరద వచ్చిందనుకొని ఏం చేయాలో ముందే ఆడించేవారు. ఎవరు ఏ ఇంటికి పోవాలి, ఏ ముసలమ్మను పడవ ఎక్కించాలి, బియ్యం, నిప్పుల కుంపటి ఎవరు దిబ్బకు చేర్చాలి, ఎవరు ఎవరి చెయ్యి పట్టుకోవాలి, అన్నీ పంచిపెట్టారు.

ఊళ్లో నవ్వుకున్నారు. పెద్దింట్లు అనే రైతు మాత్రం నవ్వి ఊరుకోలేదు. కూతురు వీరవేణిని వెంటపెట్టుకొని వచ్చాడు.

"పంతులుగారండి, తెడ్డు పట్టడం నేను నేర్పలేనా? పిల్లను మీ దగ్గరికి పంపింది నాలుగు అక్షరాలు వస్తాయనండి."

"అక్షరాలూ నేర్పుతున్నాను పెద్దింట్లూ. ఏరు పొంగిననాడు నువ్వు దాని పక్కన ఉంటావో లేదో తెలియదు కదా."

"రాని వరదకు ఇంత హడావిడి ఎందుకండి" అని అతడు పిల్లను బడి మానిపించాడు.

వీరవేణి చెయ్యి పట్టుకోవలసినది బుల్లెమ్మ. మర్నాడు ఆ పిల్ల వచ్చి, ఇప్పుడు తాను ఎవరి చెయ్యి పట్టుకోవాలని అడిగింది. పంతులుగారు "ముందు వాళ్లింటికే వెళ్లు. ఆ చెయ్యి అలాగే ఖాళీగా ఉంచు" అన్నారు. అప్పటినుంచి వరద ఆట ఆడిన ప్రతిసారీ బుల్లెమ్మ పెద్దింట్లు ఇంటి గుమ్మందాకా పరుగెత్తి, ఖాళీ చేత్తో దిబ్బ ఎక్కేది.

శ్రావణంలో ఆవలి ఒడ్డున తీర్థం జరిగింది. ముసలివాళ్లను, పిల్లలను ఇళ్ల దగ్గర ఉంచి ఊరు ఊరంతా వెళ్లింది. పురాణం చెప్పడానికి పిలిస్తే పంతులుగారూ వెళ్లారు. మిట్టమధ్యాహ్నం ఎర్రనీరు తన్నుకొచ్చింది. చూస్తుండగానే లంకలో గుడిసెల చూరులు నీళ్లను తాకాయి. ఆ ఉరవడికి పడవ వేసే సాహసం ఎవరికీ లేకపోయింది.

పంతులుగారు ఒడ్డున నిలబడి, పిల్లలకు ఏదైనా చెప్పడం మరిచానా అని మనసులో మళ్లీ మళ్లీ తడుముకున్నారు. పెద్దింట్లు వచ్చి ఆయన పక్కన కూలబడ్డాడు.

"మా పిల్లకు ఏమీ తెలీదండి. నేనే మానిపించేశాను" అన్నాడు.

పంతులుగారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

పొద్దు వాలుతుండగా దిబ్బ మీద సన్నని పొగ లేచింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, "గంజి కాస్తున్నారు" అన్నారు. ఆ మాట నోటినోటా ఒడ్డంతా పాకింది. అప్పటిదాకా బిగబట్టుకున్న తల్లులు అప్పుడు ఏడ్చారు.

తెల్లవారి ఉరవడి తగ్గగానే పడవలు వెళ్లాయి. దిబ్బ మీద పిల్లలు ముసలివాళ్లకు గంజి పోస్తున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. వీరవేణి బుల్లెమ్మను ఆనుకొని కూర్చుని ఉంది, ఇద్దరి చేతులూ ఇంకా విడలేదు. పెద్దింట్లు కూతురిని ఎత్తుకొని పంతులుగారి వైపు తిరిగాడు.

"నేను మానిపించానుగానీ, మీరు మానిపించలేదండి."

నీరు తీశాక, గేదెలు తోలుకెళ్లిన ఒక కాపరికి దిబ్బ కింద ఒండ్రులో శిలావిగ్రహం కనిపించింది. కడిగి చూస్తే ఒక చేత పుస్తకం పట్టి నిలుచున్న అమ్మవారు. రెండో చేతిలోది వీణ దండమేమో అన్నారు కొందరు. "తెడ్డేనండి" అన్నాడు పెద్దింట్లు. పంతులుగారు అమ్మవారి ముఖంలో కలలోని ఆవిడను పోల్చుకొని సాష్టాంగపడ్డారు. విగ్రహాన్ని దిబ్బ మీదే నిలిపి, బడిని అక్కడికి మార్చారు.

నేటికీ ఇక్కడ అక్షరాభ్యాసం నాడు బిడ్డ చేతిని ముందు తెడ్డుకు తాకించి, తరువాతే బియ్యంలో ఓంకారం దిద్దిస్తారు. ఏటా వానలకు ముందు బడిపిల్లలు చేయీ చేయీ పట్టుకొని ఊరు చుట్టి దిబ్బ ఎక్కుతారు. చివర నడిచే పిల్ల ఒక చెయ్యి ఖాళీగా ఉంచుతుంది. యాత్రికుల బిడ్డలు ఎవరైనా ఆ చెయ్యి అందుకోవచ్చు.

పరీక్షలకు, పైచదువులకు, దూరాన కొలువులకు వెళ్లేవారు అమ్మవారి దర్శనం చేసుకొని బయలుదేరుతారు. అయితే కష్టాలు రాకుండా చూడమని ఇక్కడ మొక్కుకోరు. వచ్చిననాడు చేతులు ఆడేటట్టు చూడమని మొక్కుకుంటారు. ఆ కోరిక అమ్మవారు తప్పక తీరుస్తుందని లంకవాసుల నమ్మకం.