సూరినాయుడి బండ

“మేలు చేసినవాళ్లని గౌరవించడం కూడా చేతకాని జనానికి సేవ ఎందుకండీ, అయ్యగారూ?”

గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అడిగాడు జోగినాయుడు. పరదేశయ్యగారు చింతపండులో గింజలు తీసుకుంటున్నారు. 

శిష్యుడి విసుగులో న్యాయం లేకపోలేదు. వరదలో ఊరివాళ్లని ఒడ్డుకి చేర్చిన స్వచ్ఛంద సేవకుల పేరిట, ఊరినుంచి ఆసుపత్రి దాకా ఏటిగట్టున నడకబాట వేయించడానికి కాళ్లరిగేలా తిరిగినవాడు అతనే. ఒక్కో బండ మీద ఒక్కొక్కరి పేరు చెక్కించాడు. ఆ వరదలోనే పోయిన తన తమ్ముడు సూరినాయుడి పేరూ అందులో ఉంది. తీరా బాట తయారయ్యాక దాని మీద ఎవరైనా కాలు పెడితే ఒట్టు! కాగితం ముక్కకి కాలు తగిలినా కళ్లకద్దుకునే జనం, పేర్లు తొక్కుకుంటూ నడుస్తారా? చెక్కించేటప్పుడు ఆ సంగతి అతనికి తట్టనేలేదు. వానలు పడ్డాయి. అందరూ బాట పక్కన బురదలోనే పోతున్నారు. మొన్న పైడమ్మ అక్కడే జారిపడి కాలు బెణికించుకుంది.

“బతిమాలాను, తిట్టాను. బండకి దండం పెట్టి మరీ బురదలోకి దిగుతున్నారండీ! ఏం మనుషులు వీళ్లు?”

“పద, అలా నడిచొద్దాం,” అన్నారు గురువుగారు.

జోగినాయుడు కావాలనే పేర్ల మీద గట్టిగా అడుగులేస్తూ ముందు నడిచాడు. గట్టు మలుపులో కాలు గాలిలోనే ఆగిపోయింది. కింద తమ్ముడి పేరు. తనకి తెలియకుండానే పక్కకి దిగాడు. చీలమండ దాకా బురద. అప్పుడు తల తిప్పి చూస్తే, గురువుగారు మొదటినుంచీ బురదలోనే వస్తున్నారు.

ఎదురుగా పైడమ్మ కర్ర ఊతంతో కుంటుకుంటూ వస్తోంది.

“నువ్వూ దిగిపోనావేటి బాబూ? వరదలో నన్ను వీపునెట్టుకుని మోసుకొచ్చినోడు మీ తమ్ముడు. ఆడి పేరు మీద కాలెలాగెడతాం?” అంది.

అతనికి కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

“ఆ బండలు తిరగేయించు, పేరు నేలవైపుకి,” అన్నారు గురువుగారు.

“వాడికి మిగిలిందే ఆ పేరు! దాన్నీ మట్టిలో పెట్టమంటారా?”

ఆయన గట్టు అంచున కాళ్లకంటిన బురద గీరుకుంటూ నిలబడ్డారు. జోగినాయుడు రాత్రంతా సణుక్కున్నాడు. తెల్లవారి గునపం పట్టుకెళ్లి, తమ్ముడి బండని ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే తిరగేశాడు. చెక్కని గరుకువైపు పైకొచ్చింది. ఆసుపత్రిలో కట్టు మార్పించుకోవడానికి బయల్దేరిన పైడమ్మ కాసేపు తటపటాయించి, కర్ర ఆన్చి, దాని మీద అడుగు వేసింది. జారలేదు.

జోగినాయుడు గునపం కింద పారేశాడు. “పేరున్న ముఖం కాస్తా కిందికి పోయింది. ఇంక వాణ్ణెవరు గుర్తుపడతారండీ?”

“ఆవేళ మాత్రం పైడమ్మకి వాడి ముఖం కనిపించిందా నాయనా?” అన్నారు పరదేశయ్యగారు. “వీపే కదా.”