రిజ్వానా అడిషనల్ షీట్లు

నాగులవలస బాలికల హైస్కూల్లో పదో తరగతి చదివే కుందనకు తెలివికి లోటు లేదు గానీ, పక్కవాళ్ళకు ఒక్క మార్కు ఎక్కువొచ్చిందంటే రెండు రోజులు అన్నం సయించేది కాదు.

పక్కవాళ్ళు అన్నది మర్యాదకు అన్నమాట. నిజానికి ఆమె కళ్ళు రిజ్వానా ఒక్కదాని మీదే ఉండేవి. ఇద్దరిదీ ఒకే బెంచీ. రిజ్వానా తండ్రి బజారులో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ. ఇంట్లో ఇంగ్లీషు ముక్క వచ్చినవాళ్ళు లేరు. అలాంటి పిల్ల ఇంగ్లీషు వ్యాసం రాస్తే దేవకుమారి టీచరు దాన్ని తరగతికంతా చదివి వినిపించేవారు. చదువుతున్నంతసేపూ కుందన కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండేది. ఇంటికెళ్ళి, "టీచరే రాసిచ్చి ఉంటారమ్మా ఆ పిల్లకి" అనేది.

ఆ ఏడు జిల్లా కేంద్రంలోని ఒక రెసిడెన్షియల్ కాలేజీ, బడికొక్క అమ్మాయిని తీసుకుంటామని కబురు పంపింది. దానికొక పరీక్ష. మునుపెన్నడూ చూడని ఇంగ్లీషు రచనలు రెండు ఇస్తారు. రెండింటినీ పోల్చి వ్యాసం రాయాలి. రెండు గంటలు టైము. కుందన ఒకసారి ఆ కాలేజీ లైబ్రరీ చూసి వచ్చింది. నాలుగు గోడలా పుస్తకాలే. అక్కడ చదవాలని ఆమెకెంత ఆశగా ఉండేదో, ఆ సీటు రిజ్వానాకు పోకూడదనీ అంతే ఉండేది. రెండింటిలో ఏది ఎక్కువో ఆమెకే తెలియదు.

దేవకుమారి టీచరు నెల రోజులు కూర్చోబెట్టి నేర్పించారు.

"రెండు రచనలనూ రెండేసిసార్లు చదవండి. ఒక విడి కాగితం మధ్యలో గీత గీసి, ఇటు ఒకదాని సంగతులు, అటు రెండోదాని సంగతులు రాసుకోండి. ఆ తరవాతే వ్యాసం. ఇది రెండెడ్ల బండి. ఒక్క ఎద్దునే కడితే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది" అన్నారు.

పరీక్ష ముందురోజు సాయంత్రం రిజ్వానా తన నోటుబుక్కు తీసింది. "కుందనా, టీచరు చెప్పినట్టు గీత గీసి నేను పది ప్లాన్లు వేసి చూశానే. కావాలంటే తీసుకెళ్ళు. రేపు పొద్దున ఇచ్చెయ్యి" అంది.

కుందన గుండె భగ్గుమంది. పదా? తను వేసింది రెండే!

"నాకెందుకమ్మా నీ గీతలు? నీ గొప్ప నీ దగ్గరే ఉంచుకో" అంది.

రిజ్వానా ముఖం చిన్నబోయింది. పుస్తకం సంచిలో పెట్టేసుకుంది.

మర్నాడు పరీక్షలో ఇచ్చిన రెండు రచనలూ వాన గురించే. మొదటిది, మేడమీద కిటికీ దగ్గర కూర్చుని వానను చూసి మురిసిపోయే ఒక అమ్మాయి డైరీ. కుందన అది చదివింది. చాలా నచ్చింది. రెండోదాని కోసం పేజీ తిప్పబోతుండగా ముందు వరసలోంచి ఒక గొంతు వినిపించింది.

"సార్, అడిషనల్!"

రిజ్వానా! పరీక్ష మొదలై పావుగంట కూడా కాలేదు. మనం మొదటి పేజీ దగ్గరే ఉండగా ఇంకెవరో తమకిచ్చిన నాలుగు పేజీలూ నింపేసి ఇంకోటి అడిగితే ఎలా ఉంటుందో, పరీక్ష రాసినవాళ్ళెవరినడిగినా చెబుతారు. ఎవరికైనా చేతులు చల్లబడతాయి. కుందనకు మాత్రం ఒళ్ళు మండింది. పావుగంటలో నాలుగు పేజీలు ఎవరైనా నింపగలరా అని ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే సరిపోయేది. కడుపు మండేవాళ్ళకు లెక్కలెక్కడ వస్తాయి?

రెండోది తరవాత చూడొచ్చులే అనుకుని గబగబా రాయడం మొదలుపెట్టింది. వాన గురించి, కిటికీ గురించి, ఆ అమ్మాయి గురించి రాసిందే రాసింది. అక్షరాలు లావెక్కాయి. లైనుకు నాలుగు మాటలే పట్టసాగాయి. తనూ లేచి "సార్, అడిషనల్!" అని హాలంతా అదిరేలా అరిచింది. రిజ్వానా రెండోది అడిగితే తను రెండు అడిగింది. రిజ్వానా మూడోది అడిగితే తను నాలుగోది తీసుకుంది. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందంటారే, అచ్చం అలాగే.

అయిదు నిమిషాలే ఉన్నాయని గంట కొట్టారు. అప్పుడు పేజీ తిప్పింది. రెండో రచన పన్నెండంటే పన్నెండు లైన్లు. అదే వానకు ఉప్పుమళ్ళు కరిగిపోతుంటే చేసేదిలేక చూస్తున్న ఒక ముసలాయన కొడుకుకు రాసిన ఉత్తరం. కుందన రెండు వాక్యాలు రాసేసరికి కాగితాలు లాగేసుకున్నారు.

బయటికి రాగానే, "నీవెన్ని అడిషనల్స్?" అని అడిగింది.

"మూడు" అంది రిజ్వానా.

"నావి నాలుగు!" అంది కుందన. ఆ పూట అన్నం బాగానే తింది.

రెండు వారాలకు కాలేజీవాళ్ళు దిద్దిన కాగితాలు బడికి పంపారు. సీటు రిజ్వానాకు వచ్చింది. కుందన ఏడుపు ఆపుకోలేక టీచరు గదికి పరుగెత్తింది.

"తనకంటే ఒక షీటు ఎక్కువే రాశాను టీచర్! పదకొండు పేజీలు!"

దేవకుమారి టీచరు రిజ్వానా కాగితాల దారం విప్పి బల్లమీద పరిచారు. మొదటి అడిషనల్ మీద మధ్యలో గీత. ఇటు కిటికీ, అటు ఉప్పుమళ్ళు. కింద రఫ్ అని రాసి కొట్టేసి ఉంది. రెండోదాని మీద పెన్ను కారి పెద్ద సిరా మరక పడింది, రాత లేదు. మూడోదాంట్లో అర పేజీ. వ్యాసం మొత్తం నాలుగున్నర పేజీలు.

తరవాత కుందన కాగితాలు తీశారు. పదకొండో పేజీ చివర ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న ఉంది. రెండో రచన ఏది?

"నువ్వు పోల్చలేదని కాదమ్మా" అన్నారు టీచరు మెల్లగా. "రెండు గంటలూ పోలుస్తూనే ఉన్నావు. నిన్నూ, రిజ్వానానూ."

కుందనకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. పరీక్ష ముందురోజు తను వద్దన్న పుస్తకంలో ఉన్నది ఈ గీతే. అది తీసుకుని ఉంటే రిజ్వానా మొదటి అడిషనల్ అడిగింది ఈ గీత కోసమేనని వినగానే తెలిసిపోయేది.

ఆ సాయంత్రం కుట్టుమిషను దుకాణానికి వెళ్ళింది. రిజ్వానా గుండీలు కుడుతోంది.

"నీ గీతలు... ఇప్పుడిస్తావా?" అంది కుందన తలవంచుకుని.

రిజ్వానా లేచి పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. "ఎనిమిదోది తప్పు వేశాను, చూసుకో" అంది.

పక్కవాళ్ళ కాగితాలు లెక్కపెట్టే అసూయ, మన ముందున్న కాగితాన్ని మనకే కనబడనీయదు.