గుంత పిలిచిన పేట

ఇటుకబట్టీ వెనక జంతువుల పేట ఒకటుండేది. ఇటుకల మట్టికోసం ఎవరో తవ్వి వదిలేసిన గుంత ఆ పేట మధ్యలోనే ఉంది. పోయిన వానాకాలం మేక గురవమ్మ పెద్దపిల్ల అందులో పడి చనిపోయింది. మిగిలింది చిన్నపిల్ల ఒక్కతే. దాన్ని కాపాడుకోవడమే గురవమ్మకు బతుకైపోయింది.

పేటలు బాగుచేసుకోమని నగరసభ ఏనుగు చిన్న చిన్న గ్రాంట్లు ఇస్తోందని విని, గురవమ్మ సిగ్గు విడిచి ఇంటింటికీ తిరిగింది. గుంత పూడ్పిద్దామని అందరినీ ఒప్పించింది. సభలో మాట్లాడే నోరు మాత్రం తనకు లేదు. ఆ పని నక్క జంబన్న నెత్తినేసుకున్నాడు. మట్టి తోలే దున్నల మేతకని సభవారు జొన్న బస్తాలిచ్చారు.

కొన్నాళ్ళకు గుంత మాయమైంది. పైన చదునుగా మట్టి. దున్నలు రావడం ఎవరూ చూడలేదు. తెల్లారకముందే తోలి వెళ్ళిపోయాయన్నాడు జంబన్న.

“కానీ వదినా, లోపలున్నదానికి కోపమొచ్చింది. అది చల్లారేదాకా ఎవరూ తొక్కకండి. మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తుంది. పలికారో, తనతో తీసుకుపోతుంది.”

ఆ సాయంత్రమే పొగమంచులోంచి పిలుపు వచ్చింది.

“అమ్మా... ఇక్కడ చలిగా ఉందే.”

అచ్చం పెద్దపిల్ల గొంతే. నోటిదాకా వచ్చిన పలుకు మింగేసి, గురవమ్మ చిన్నపిల్లను పొట్టకింద దాచుకుంది. గాడిద ఓబులేసు కూడా విన్నాడు. అప్పట్నుంచి పొద్దుగూకితే ఎవరు పేరుపెట్టి పిలిచినా పేటలో పలికే దిక్కు లేదు. చిన్నపిల్ల మాత్రం అక్క పిలుస్తోంది పోదామంటూ అటే లాగేది.

పని చూడ్డానికి ఏనుగు ఒక పొద్దున వచ్చింది. మంచు ఇంకా విడలేదు. జంబన్న దూరం నుంచే చూపించి పంపేద్దామనుకున్నాడు. గ్రాంటు తీసుకున్నవాడే ముందు నడవడం సభ ఆనవాయితీ అంది ఏనుగు. గట్టి అంచు ఎక్కడుందో తనకు తెలుసుకదా అని జంబన్న అడుగేశాడు. మంచులో అంచు తప్పింది. మెత్తగా ఏదో కూలిన చప్పుడైంది. జంబన్న లేడు.

“ఓబులేసూ, నేనురా... తాడు వెయ్యి,” అంది కింద నుంచి గొంతు.

ఓబులేసు చెవులు వాల్చేశాడు. “మింగేసింది. ఇక ఆ గొంతొక్కటే వాడిది,” అంటూ, తొండం చాచబోయిన ఏనుగుకు అడ్డం నిలిచాడు.

మట్టితో నింపారన్న గుంతలోంచి ఎండుటాకుల వాసన గురవమ్మ ముక్కుకు తగిలింది. కొమ్మలూ ఆకులూ కప్పి పైన మట్టి చల్లారన్నమాట. ముందుకాలితో నేల తడుముకుంటూ అంచుదాకా వెళ్ళింది.

“నువ్వు జంబన్నవే అయితే, జొన్నలు ఎక్కడున్నాయో చెప్పు. దయ్యానికి ఆ సంగతి తెలీదు.”

కింద గోళ్ళతో మట్టి గీకిన చప్పుడైంది.

“బట్టీ పక్కన నా బొరియలో. కోళ్ళు వస్తాయని చల్లుకుంటున్నాను.”

“మరి చలిగా ఉందని పిలిచిందెవరు?”

“అదీ నేనే వదినా.”

గురవమ్మ ఓబులేసును పక్కకు జరిపింది. ఏనుగు నక్కను పైకి లాగి, మళ్ళీ ఈ పేట తొక్కొద్దని తరిమేసింది. మిగిలిన జొన్నలు తిని దున్నలు అందరి కళ్ళముందే మట్టి తోలాయి. చిన్నపిల్ల దానిమీద గెంతుతుంటే గురవమ్మ తృప్తిగా చూసింది. పొద్దుగూకాక మాత్రం చెవి అటే పెట్టుకుని కూర్చుంది. ఎవరూ పిలవలేదు.

నీతి: పదిమంది మేలుకిచ్చింది కాజేసి భయంతో కప్పిపెట్టినవాడు, చివరికి తన గొంతు తనదేనని నమ్మించాలన్నా ఆ దొంగతనమే ఒప్పుకోవాలి.