దీక్షితులవారి పట్టు ఉత్తరీయం

ఈ కథ అబద్ధమనేవాడెవడైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడాలి. సగం విన్నాక లేస్తే ఒప్పుకునేది లేదు. లేవలేదుగా? అయితే వినండి.

పులిమడుగు రాజు భల్లాణరాయలవారి మీసం ఎంతటిదంటే, కుడి కొస తూర్పు వాకిట్లోనూ ఎడమ కొస పడమటి వాకిట్లోనూ ఉండేది. మధ్యలో కూర్చుని ఆయన న్యాయం చెప్పేవాడు.

ఒకనాడు ఆ మీసం దువ్వుకుంటూ రాజుగారు సభకు సవాలు విసిరాడు.

"మా ధర్మాధికారి తీర్పు తప్పంటూ ఈవిడ మొర పెట్టుకుంది. మధ్యాహ్న భేరి మోగేలోగా ఆ తప్పేదో చూపినవాడికి నా భుజకీర్తి ఇస్తా. చూపలేకపోయారా, భేరి మోగగానే ఉరి!"

మొర పెట్టుకున్నది సూరమ్మ. ఉరి ఆమె మొగుడు గవరయ్యకూ, ఇంకో ఇద్దరికీ.

జాతరలో ఎడ్ల పందెం దగ్గర గొడవైంది. గుంపు గుంపంతా కర్రలు లేపింది. పోలయ్య అనేవాడు తల పగిలి చచ్చిపోయాడు. భటులు వచ్చేసరికి గుంపు చెదిరిపోయింది. బట్టల మీద రక్తంతో ముగ్గురు దొరికారు. వాళ్లే హంతకులని తీర్పు.

తీర్పిచ్చిన ధర్మాధికారి విశ్వపతి దీక్షితులు ముందుకొచ్చాడు. ఆయన గొంతు సవరించుకుంటే చూరు మీది పావురాలు పక్క రాజ్యానికి ఎగిరిపోయేవి.

"ప్రభూ! గుంపులో ఎవడు కొట్టాడో కళ్లు పొరపడొచ్చు, నోళ్లు బొంకొచ్చు. రక్తం అబద్ధమాడదు! ఎవడి బట్ట ఎరుపో వాడే హంతకుడు. ముప్పై ఏళ్లుగా ఇదే నా సూత్రం."

"నా మొగుడు కొట్టలేదు దొరా," అంది సూరమ్మ. "పోలయ్య అన్న పడిపోతే ఒళ్లోకి తీసుకున్నాడు. ఒకరు నీళ్లు పట్టారు. ఇంకొకరు తలకు గుడ్డ కట్టారు. వీళ్లు చేసిందంతా అదే."

"దొరికినవాడల్లా చెప్పే మాటే ఇది!" అని నవ్వాడు దీక్షితులు.

సభలో కోనప్ప అని ఒకడున్నాడు. రాజుగారిని నవ్వించడమే వాడి ఉద్యోగం. వాడు జోకు వేస్తే కోటగోడ కూడా ఇటుకలు బయటపెట్టి నవ్వేదని ప్రతీతి. ఆ రోజు మాత్రం వాడు జోకు మానేసి సూరమ్మనే చూస్తున్నాడు. సూరమ్మ ఏడవడం లేదు. కొంగు కొసను మెలిపెడుతోంది, విప్పుతోంది, మళ్లీ మెలిపెడుతోంది. ఈ దీక్షితులవారితో వాదిస్తే పొద్దు గూకినా తేలదు, ఉరి మాత్రం ఆగదు అనుకున్నాడు కోనప్ప.

లేచి వెళ్లి రాజుగారి బావమరిది జగ్గరాజు చెవిలో ఏదో ఊదాడు. జగ్గరాజుకు వీధినాటకాల పిచ్చి. అందులోనూ చచ్చే వేషమంటే ప్రాణం. ఇద్దరూ బయటికి జారుకున్నారు.

భేరి కొట్టేవాడు కర్ర చేతిలోకి తీసుకునే వేళకు వాకిట్లో గోల!

"నా పుంజునే దొంగ పుంజంటారా?" అని జగ్గరాజు అరుపు. "అంటాం! ఏం చేస్తావ్?" అని నలుగురు వస్తాదుల కేకలు. తోసుకుంటూ సభ నడుమకు వచ్చిపడ్డారు. వెదురు కర్రలు లేచాయి. ఠప్పుమంది. జగ్గరాజు తలపాగా లోంచి ఎర్రగా ధార! "అమ్మా!" అని కూలిపోయాడు.

రాజుగారి బావమరిది! సేవ చేసే అవకాశం దీక్షితులు వదులుకుంటాడా?

"అయ్యో బాబుగారూ!" అంటూ భటులకన్నా ముందు దూకాడు. తల ఒళ్లో పెట్టుకున్నాడు. ఉంగరంలోంచి దూరిపోయేటంత సన్నని తన పట్టు ఉత్తరీయంతోనే తుడిచాడు. "వైద్యుణ్ణి పిలవండ్రా! పట్టుకోండ్రా ఆ దుర్మార్గుల్ని!"

వస్తాదులు కర్రలు పడేసి చేతులు కట్టుకు నిలబడ్డారు. వాళ్ల పంచెలు మల్లెపూలలా తెల్లగా ఉన్నాయి.

"ఆగండి!" అన్నాడు కోనప్ప. "వాళ్లనెందుకు పట్టుకోవడం? ఒక్క బట్టకైనా మరకుందా? ప్రభూ, హంతకుడు దొరికాడు. తల నుంచి మోకాళ్ల దాకా ఎరుపే!"

సభంతా దీక్షితుల వైపు చూసింది.

"నేనా! ఒరే కోనప్పా, నేను లేవదీయడానికి వచ్చానురా! ఒళ్లోకి తీసుకున్నానంతే!"

"దొరికినవాడల్లా చెప్పే మాటే ఇది, దీక్షితులుగారూ."

దీక్షితులు తన ఉత్తరీయం వంక చూసుకున్నాడు. "మరి... ఈ రక్తం..." అని నసిగాడు.

కోనప్ప సూరమ్మ వైపు ఒకసారి చూసి, రాజుగారికి మొక్కి అన్నాడు:

"రక్తం అబద్ధమాడదు ప్రభూ. కానీ కొట్టినవాడు దానికి కర్రంత దూరం, ఎత్తుకున్నవాడు ఒడంత దగ్గర!"

అంతలో శవం ఒక కన్ను తెరిచింది.

"బావగారూ, ఇక లేవచ్చా? తలపాగాలో దిష్టినీళ్ల తిత్తి పెట్టాడు వీడు. సున్నం కంట్లో పడి మండిపోతోంది!"

రాజుగారు నవ్వాడు. ఆ నవ్వుకు ఏనుగుల సాలలో గొలుసులు తెగాయి, భేరి కర్ర తగలకుండానే మోగింది. ఆ మోతకు ఎవరినీ ఉరి తీయలేదు. ముగ్గురి సంకెళ్లూ అక్కడే ఊడదీయించాడు. పందెం నాడు తెల్ల పంచెలతో ఇంటికెళ్లిన కర్రలవాళ్లను ఒక్కొక్కణ్ణే విడివిడిగా విచారించమని దీక్షితులనే పంపాడు. భుజకీర్తి విప్పి కోనప్ప భుజానికి తొడిగాడు.

మొగుడి చెయ్యి పట్టుకుని, వదలకుండా, కోట దాటేదాకా నడిపించుకుపోయింది సూరమ్మ.

ఇప్పటికీ అనుమానమా? అయితే పులిమడుగు రేవులో మడేలు ఎర్రప్పను అడగండి. పసుపూ సున్నమూ కలిసిన ఆ మరక పట్టు ఉత్తరీయం మీంచి వదలక, ఏడు చెరువులు ఎర్రబడేదాకా ఉతికినవాడు ఆయనే.